కంప్యూటర్‌కు వాటర్ కూలింగ్: రాగి, ఇత్తడి, అల్యూమినియం.. ఏది దేనితో కలపొచ్చు, ఏది కలపకూడదు?

సూరత్ దక్షిణ భాగంలోని భేస్తాన్, పాండేసరా, ఉధనా ప్రాంతాల్లో చాలా వీధుల్లో మరమగ్గాల చప్పుడు వినిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి దశాబ్దాల క్రితం నేత పని కోసం వలస వచ్చిన తెలుగు కుటుంబాలు సూరత్‌లో వేల సంఖ్యలో స్థిరపడ్డాయి. మగ్గం నడిపిన తరం తర్వాతివాళ్లలో కొందరు ఇప్పుడు అవే చీరలకు, డ్రెస్ మెటీరియల్‌కు కంప్యూటర్ మీద డిజైన్లు చేస్తున్నారు.

గంటల తరబడి రెండరింగ్ చేసే కంప్యూటర్‌కు ఇక్కడ రెండు ఇబ్బందులు. ఒకటి వేడి. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల దగ్గరకు వెళ్తుంది, సముద్రం దగ్గర కావడంతో గాలిలో తేమ కూడా ఎక్కువ. రెండోది మగ్గాల నుంచి, బట్టల నుంచి లేచే నూగు. అది ఫ్యాన్లలో, హీట్‌సింక్ రెక్కల మధ్య చేరి గాలిని అడ్డుకుంటుంది.

ఇలాంటి పరిస్థితిలో చాలామంది దృష్టి వాటర్ కూలింగ్ మీద పడుతుంది. కావాల్సిన భాగాలు విడివిడిగా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వీడియోలు చూసి బిగించుకోవచ్చు. అయితే మొదటిసారి కొనేవాళ్లు రంగు, సైజు, ధర చూసినంత శ్రద్ధగా చూడనిది ఒకటుంది: ఏ భాగం ఏ లోహంతో తయారైంది?

ఆ ఒక్క ప్రశ్న వదిలేస్తే, నెలల తర్వాత రేడియేటర్‌కు చిల్లు పడి, ఆ నీళ్లు గ్రాఫిక్స్ కార్డు మీద పడొచ్చు. మొత్తం కంప్యూటర్‌లో అత్యంత ఖరీదైన భాగం చాలాసార్లు అదే.

వాటర్ కూలింగ్‌లో లోహం ఎక్కడెక్కడ ఉంటుంది?

పద్ధతి సులువైనదే. ప్రాసెసర్ మీద, గ్రాఫిక్స్ చిప్ మీద వాటర్ బ్లాక్ అనే లోహపు పలక కూర్చుంటుంది. పంపు నీళ్లను ఆ బ్లాక్‌లోని సన్నని గాళ్ల గుండా తోస్తుంది. వేడెక్కిన నీళ్లు రేడియేటర్‌లోకి వెళ్తాయి, ఫ్యాన్లు ఆ వేడిని గాలిలోకి పంపిస్తాయి. చల్లబడిన నీళ్లు మళ్లీ బ్లాక్ దగ్గరకు వస్తాయి. ఈ చుట్టునే లూప్ అంటారు.

ఇందులో నీళ్లు తగిలే లోహపు భాగాలు ప్రధానంగా మూడు: బ్లాక్ అడుగు పలక, రేడియేటర్, ట్యూబులను కలిపే ఫిట్టింగులు. ట్యూబులు, రిజర్వాయర్ ప్లాస్టిక్ లేదా రబ్బరువి. పంపులో నీళ్లు తగిలే చోట సాధారణంగా ప్లాస్టిక్, సెరామిక్, స్టెయిన్‌లెస్ స్టీల్ ఉంటాయి.

ఒక భ్రమ ముందే తొలగించుకోవాలి. వాటర్ కూలింగ్ ఏసీ కాదు. లూప్‌లో నీళ్లు గది ఉష్ణోగ్రత కన్నా చల్లగా ఉండలేవు. గదిలో 36 డిగ్రీలుంటే నీళ్లు అంతకన్నా కొన్ని డిగ్రీలు వేడిగానే ఉంటాయి. లాభమల్లా వేడి చిప్ దగ్గర పోగుపడకుండా పెద్ద రేడియేటర్ మీదకు చేరడం, ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగినా సరిపోవడం.

రాగి, ఇత్తడి, అల్యూమినియం: తేడా ఏంటి?

వేడిని మోసే శక్తిలో రాగిది పైచేయి. ఒక మీటరు మందానికి, ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు రాగి సుమారు 400 వాట్లు దాటిస్తుంది. అల్యూమినియం సుమారు 237, ఇత్తడి 110 నుంచి 120 వరకు, నికెల్ 90 వరకు. అందుకే బ్లాక్ అడుగు పలకను రాగితో చేస్తారు.

అల్యూమినియానికి ఉన్న అనుకూలతలు బరువు, ధర. రాగి సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 8.96 గ్రాములైతే అల్యూమినియానిది 2.7 గ్రాములే. తక్కువ ధర రేడియేటర్లు చాలావరకు అల్యూమినియంతో రావడానికి కారణం ఇదే.

కస్టమ్ లూప్ కోసం అమ్మే మంచి రేడియేటర్లలో రెక్కలు రాగివి, నీళ్లు నడిచే చదును గొట్టాలు, రెండు చివర్ల తొట్లు రాగివి లేదా ఇత్తడివి. ఫిట్టింగులు ఎక్కువగా ఇత్తడివి, పైన నికెల్ లేదా క్రోమ్ పూత ఉంటుంది. ఇత్తడి వేడిని తక్కువగా మోస్తుంది కదా అనే దిగులు అక్కర్లేదు. ఫిట్టింగుల పని నీళ్లను బిగించి పట్టడమే, వేడిని దాటించడం కాదు.

కాబట్టి అల్యూమినియం ఎంత వేడిని దాటించగలదు అన్నది ఇక్కడ పెద్ద సమస్య కాదు. అది ఒంటరిగా బాగానే పనిచేస్తుంది. సమస్య అది రాగితో ఒకే నీళ్లను పంచుకున్నప్పుడే.

ఒకే నీళ్లలో రెండు లోహాలు ఉంటే ఏమవుతుంది?

1800లో ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా రెండు వేర్వేరు లోహాల బిళ్లల మధ్య ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డ పెట్టి విద్యుత్తు పుట్టించాడు. అది తొలి బ్యాటరీ. రాగి బ్లాక్, అల్యూమినియం రేడియేటర్, మధ్యలో నీళ్లు.. ఇవి కలిస్తే అచ్చం అలాంటి అమరికే.

ప్రతి లోహానికీ ఎలక్ట్రాన్లను వదులుకునే స్వభావం ఒక్కో స్థాయిలో ఉంటుంది. ప్రామాణిక కొలతలో అల్యూమినియం మైనస్ 1.66 వోల్టుల దగ్గర, జింకు మైనస్ 0.76 దగ్గర, నికెల్ మైనస్ 0.25 దగ్గర, రాగి ప్లస్ 0.34 దగ్గర, వెండి ప్లస్ 0.80 దగ్గర ఉన్నాయి. నిజమైన నీళ్లలో ఈ అంకెలు కొంత మారతాయి గానీ ఎవరు అరుగుతారు, ఎవరు నిలుస్తారు అన్నది చూచాయగా తెలుస్తుంది. దూరం పెరిగేకొద్దీ కింది లోహం కరిగిపోయే ప్రమాదం పెరుగుతుంది. దీన్నే గాల్వానిక్ తుప్పు అంటారు.

దీన్ని బ్రిటిష్ నౌకాదళం అనుభవంతో నేర్చుకుంది. 1761లో హెచ్ఎంఎస్ అలారం అనే ఓడ అడుగున పురుగు పట్టకుండా రాగి రేకులు తొడిగారు. రెండేళ్ల తర్వాత చూస్తే రాగిని తాకిన ఇనుప మేకులు చాలావరకు తినేసినట్టు అయిపోయాయి. మధ్యలో కాగితం పొర మిగిలిన చోట మేకులు మాత్రం బాగానే ఉన్నాయి.

లూప్‌లో బ్లాకుకూ రేడియేటర్‌కూ మధ్య రబ్బరు ట్యూబులే కదా, లోహాలు ఒకదాన్నొకటి తాకవు కదా అనే సందేహం రావచ్చు. రెండు కారణాల వల్ల ఆ ధీమా పనికిరాదు.

మొదటిది, రేడియేటర్‌ను క్యాబినెట్‌కు మరలతో బిగిస్తారు. బ్లాక్ మదర్‌బోర్డుకు బిగుస్తుంది. ఆ రెంటినీ కలుపుతూ క్యాబినెట్ లోహం ఉంటుంది. అంటే తీగ లేకపోయినా తీగ చేసే పని జరగొచ్చు.

రెండోది ఇంకా మోసకారి. రాగి నుంచి అతి స్వల్పంగా అయాన్లు నీళ్లలో కలుస్తాయి. అవి తిరిగి తిరిగి అల్యూమినియం గోడ మీద చిన్న చిన్న రాగి మచ్చలుగా పేరుకుంటాయి. ప్రతి మచ్చా అక్కడికక్కడే ఒక చిన్న బ్యాటరీ. దాని చుట్టూ అల్యూమినియం గుంటలు పడుతుంది. రేడియేటర్ గొట్టం గోడ చాలా సన్నం కాబట్టి మొదట చిల్లుపడేది అక్కడే.

కంపెనీలు కలుపుతున్నాయి కదా?

ఇది న్యాయమైన ప్రశ్నే. మార్కెట్లో రెడీమేడ్‌గా దొరికే ఏఐఓ కూలర్లలో చాలావాటికి బ్లాక్ రాగిది, రేడియేటర్ అల్యూమినియంది. అయినా అవి ఏళ్ల తరబడి పనిచేస్తాయి.

తేడా ఏమిటంటే, అవి ఫ్యాక్టరీలోనే మూసేసిన వ్యవస్థలు. లోపలి ద్రవంలో రెండు లోహాలనూ కాపాడే రసాయనాలు లెక్క ప్రకారం కలిపి ఉంటాయి. గాలి లోపలికి చేరే అవకాశం తక్కువ. యజమాని వాటిని విప్పి నీళ్లు పోయడు. ఆయుష్షు తీరాక మొత్తం తీసేసి కొత్తది పెట్టుకోవడమే.

కార్లలో కూడా ఇదే సూత్రం. అల్యూమినియం రేడియేటర్, ఇనుప ఇంజిన్ బ్లాక్ కలిసి ఉండే కార్లున్నాయి. కానీ కూలెంట్‌లోని తుప్పు నిరోధక రసాయనాలు కాలంతో ఖర్చయిపోతాయి కాబట్టే దాన్ని గడువు ప్రకారం మార్చమంటారు.

కస్టమ్ లూప్‌లో ఆ భద్రత అంతా బిగించినవాళ్ల క్రమశిక్షణ మీద ఆధారపడుతుంది. ఒక్కసారి మామూలు నీళ్లు టాపప్ చేసినా, ఒక ఏడాది మార్చడం మర్చిపోయినా రక్షణ తగ్గుతుంది. మొదటిసారి బిగించేవాళ్లు ఆ పందెం కాయాల్సిన పని లేదు. కొనేటప్పుడే రాగి కుటుంబాన్ని ఎంచుకుంటే సరిపోతుంది.

రాగి కుటుంబంలో ఎవరున్నారు?

రాగి, ఇత్తడి, నికెల్ పూత వేసిన రాగి లేదా ఇత్తడి.. ఈ మూడూ ఒకే లూప్‌లో కలిసి ఉండొచ్చు. వీటి మధ్య వోల్టేజీ తేడా తక్కువ. మంచి స్టెయిన్‌లెస్ స్టీల్ చిన్న భాగాలు కూడా వీటితో ఇబ్బంది పెట్టవు.

నికెల్ పూతను అర్థం చేసుకోవడానికి ఇంట్లో ఉదాహరణ ఉంది. ఇత్తడి గిన్నెలకు తగరంతో కళాయి వేయిస్తారు. కళాయి ఉన్నంతవరకు పులుసు పెట్టినా పర్వాలేదు, పోయాక పనికిరాదు. బ్లాకు మీది నికెల్ కూడా అలాంటి పల్చని పొరే, కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే. అది రాగి నల్లబడకుండా, రంగు మారకుండా కాపాడుతుంది. చల్లదనం పెంచదు.

ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే తళతళలాడుతుంది. అదే ఆలోచనతో నికెల్ పూత ఉన్న బ్లాకును చింతపండు, నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపుతో శుభ్రం చేస్తే పూత దెబ్బతింటుంది. పూత లేని రాగి బ్లాకు విషయంలో ఆ భయం తక్కువ. అందం ముఖ్యం కాదనుకుంటే, తొలి లూప్‌కు పూత లేని రాగి బ్లాకు చూసుకోవడం తెలివైన పనే.

వెండి సంగతేంటి? నీళ్లలో నాచు, సూక్ష్మజీవులు పెరగకుండా వెండి తీగ చుట్ట వేసే అలవాటు ఒకప్పుడు బాగా ఉండేది. అయితే వోల్టేజీ వరుసలో వెండి, నికెల్ మధ్య ఎడం ఎక్కువ. పూతలో ఎక్కడైనా సన్నని రంధ్రముంటే ఇబ్బంది మొదలవ్వొచ్చు. నికెల్ పూత భాగాలున్న లూప్‌లో వెండి వేయకుండా, సూక్ష్మజీవులను అడ్డుకునే రసాయనం కలిపిన రెడీమేడ్ కూలెంట్ వాడటం మేలు.

పూర్తిగా అల్యూమినియంతోనే కట్టొచ్చా?

కట్టొచ్చు. బ్లాకు, రేడియేటర్, ఫిట్టింగులు అన్నీ అల్యూమినియంవైతే గొడవ లేదు. స్లొవేనియాకు చెందిన ఈకే సంస్థ 2017లో ఫ్లూయిడ్ గేమింగ్ పేరుతో అలాంటి కిట్లే తెచ్చింది. వాటిని రాగి, ఇత్తడి, నికెల్ భాగాలతో కలపొద్దని స్పష్టంగా చెప్పింది.

ఇబ్బంది ఆ తర్వాత వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు మార్చితే దానికి సరిపోయే అల్యూమినియం బ్లాకు దొరకాలి. మార్కెట్లో ఎక్కువగా ఉండేవి రాగి బ్లాకులు. తెలియక ఒక్క రాగి బ్లాకు చేర్చినా మొత్తం లెక్క తప్పుతుంది.

చిప్‌కూ బ్లాకుకూ మధ్య రాసే పేస్టు విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. లిక్విడ్ మెటల్ పేరుతో అమ్మేవాటిలో గాలియం ఉంటుంది. అది అల్యూమినియాన్ని లోపలికంటా పెళుసుగా మార్చేస్తుంది. అల్యూమినియం బ్లాకు మీద దాన్ని ఎట్టిపరిస్థితుల్లోనూ వాడకూడదు. తొలి బిల్డ్‌కు మామూలు థర్మల్ పేస్టు చాలు.

అల్యూమినియం ఎక్కడ దాక్కుంటుంది?

"రాగి బ్లాకు కొన్నాను, ఇక భయం లేదు" అనుకునేవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది చిన్న భాగాల దగ్గరే.

తక్కువ ధర రేడియేటర్లు: పేజీలో రాగి అని రాసి లేకపోతే అల్యూమినియం అనే అనుకోవాలి. నల్ల రంగు కింద ఏముందో ఫొటోలో కనిపించదు.

రిజర్వాయర్ మూతలు, పంపు పైభాగాలు: రంగురంగుల పూతతో మెరిసేవి అల్యూమినియంవి కావొచ్చు. నీళ్లకు తగలని పైపై అలంకారమైతే పర్వాలేదు. నీళ్లు తగిలితే వద్దు.

ఉష్ణోగ్రత సెన్సర్లు, అడాప్టర్లు, మూసే బిరడాలు: వీటి లోహం గురించి అమ్మేవాళ్లు సాధారణంగా రాయరు. అడిగి తెలుసుకోవాలి.

చవక ఫిట్టింగులు: ఇత్తడి అని చెప్పి జింకు మిశ్రమంతో పోతపోసి పైన మెరుగు వేసినవి వస్తుంటాయి. జింకు కూడా రాగి పక్కన ఉంటే అరిగేదే.

ఇంట్లో పరీక్షించడం ఎలా?

అయస్కాంతం ఇనుమును పట్టిస్తుందే గానీ ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. రాగి, ఇత్తడి, అల్యూమినియం, జింకు.. వేటినీ అది ఆకర్షించదు.

నమ్మదగిన పరీక్ష సాంద్రత. వజ్రాల వ్యాపారం జరిగే సూరత్‌లో గ్రాములో వందో వంతు చూపించే చిన్న కాటా దొరకడం కష్టం కాదు. ఫిట్టింగు నుంచి రబ్బరు రింగు తీసేసి తూకం వేయాలి. తర్వాత నీళ్లున్న గ్లాసును కాటా మీద పెట్టి అంకెను సున్నా చేయాలి. ఫిట్టింగును దారంతో కట్టి, అడుగుకు, పక్కలకు తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోవాలి. గాలి బుడగలు ఉండకూడదు. అప్పుడు కాటా చూపించే గ్రాములే దాని ఘనపరిమాణం.

మొదటి బరువును రెండో అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఉదాహరణకు 17 గ్రాముల ఫిట్టింగుకు నీళ్లలో 2 గ్రాములు చూపిస్తే 8.5 వస్తుంది, అంటే ఇత్తడి. 7 దగ్గర లేదా అంతకన్నా తక్కువ వస్తే జింకు మిశ్రమమని అనుమానించాలి. 2.7 దగ్గరైతే అల్యూమినియం.

రేడియేటర్‌కు ఇది కుదరదు. నీళ్లు తగలని ఒక మూల రంగును ఆకురాయితో కొద్దిగా గీకితే పసుపు లేదా ఎరుపు ఛాయ కనిపించాలి. తెల్లగా మెరిస్తే, అది టంకం వేసిన చోటు కాదని చూసుకుని, వెనక్కి పంపేయడం మంచిది. గీకిన వస్తువును దుకాణదారు వెనక్కి తీసుకోకపోవచ్చు కాబట్టి కొనేముందే రాతపూర్వకంగా లోహం పేరు అడగడం ఉత్తమం.

స్థానిక హార్డ్‌వేర్ దుకాణంలో అడగాలంటే రాగిని గుజరాతీలో తాంబు, హిందీలో తాంబా అంటారు. ఇత్తడిని గుజరాతీలో పిత్తళ్, హిందీలో పీతల్ అంటారు. ఇత్తడి భాగాల తయారీకి పేరున్న జామ్‌నగర్ గుజరాత్‌లోనే ఉంది కాబట్టి ఇక్కడి దుకాణాల్లో ఇత్తడి ఫిట్టింగులకు కొదవ ఉండదు.

అయితే లోహం సరైనదైనా మర సరిపోవాలి. కంప్యూటర్ భాగాల్లో వాడేది జీ 1/4 అనే సమాంతర మర, దానికి రబ్బరు రింగే బిగింపు. కంప్రెసర్ల కోసం అమ్మే ఫిట్టింగుల్లో చాలావాటికి చివర సన్నబడే మర ఉంటుంది. దాన్ని టెఫ్లాన్ టేపు చుట్టి బలంగా తిప్పితే అక్రిలిక్ రిజర్వాయర్ పగులుతుంది.

ఏ నీళ్లు పోయాలి?

లోహాలు సరిగ్గా ఎంచుకున్నా నీళ్లు తప్పయితే ఫలితం పాడవుతుంది. తీరప్రాంతాల్లో బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. మున్సిపల్ కుళాయి నీళ్లలో క్లోరిన్, ఖనిజాలు ఉంటాయి. ఆర్‌ఓ నీళ్లు తాగడానికి మంచివే గానీ వాటిలోనూ లవణాలు మిగులుతాయి. ఏసీ నుంచి కారే నీళ్లు శుభ్రంగా కనిపించినా వాటిలో దుమ్ము, సూక్ష్మజీవులు, కాయిల్ లోహాల ఆనవాళ్లు ఉంటాయి.

కావాల్సింది డిస్టిల్డ్ లేదా డీమినరలైజ్డ్ నీళ్లు. ఇన్వర్టర్ బ్యాటరీల కోసం అమ్మే నీళ్ల క్యాన్లు ఈ కోవలోవే, కానీ అన్ని క్యాన్ల నాణ్యత ఒకేలా ఉండదు. చిన్న టీడీఎస్ మీటర్ ముంచితే సున్నా లేదా దానికి చాలా దగ్గరి అంకె రావాలి. పక్కనే అమ్మే బ్యాటరీ యాసిడ్ డబ్బాను పొరపాటున తీసుకోకుండా లేబుల్ చదవాలి.

ఉత్త డిస్టిల్డ్ నీళ్లు కూడా ఎక్కువ కాలానికి చాలవు. రాగిని కాపాడే బెంజోట్రయజోల్ లాంటి నిరోధకం, సూక్ష్మజీవులను ఆపే రసాయనం ఉన్న కూలెంట్ వాడాలి. రంగు లేని కూలెంట్ అయితే లోపల ఏం జరుగుతోందో స్పష్టంగా కనిపిస్తుంది.

బిగించాక ఏం చూడాలి?

కొత్త రేడియేటర్ లోపల టంకం వేసినప్పటి ఫ్లక్స్ మిగిలి ఉంటుంది. వేడి డిస్టిల్డ్ నీళ్లు పోసి బాగా ఊపి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. తర్వాత లూప్ నింపి, మదర్‌బోర్డుకు, గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు ఇవ్వకుండా పంపును ఒక్కదాన్నే కొన్ని గంటలు, వీలైతే ఒక రోజు నడపాలి. ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం పెడితే చిన్న చెమ్మ కూడా తెలిసిపోతుంది.

మొదటి నెల తర్వాత ఒకసారి, ఆపైన మూడు నెలలకోసారి లోపల చూడాలి. ఆకుపచ్చ పొర కనిపిస్తే రాగి తుప్పుకు సూచన. తెల్లని జిగురులాంటి పదార్థం అల్యూమినియం కరుగుతోందనడానికి గుర్తు కావొచ్చు. మెత్తని ట్యూబుల నుంచి దిగే పదార్థం కూడా అలాగే కనిపించవచ్చు. ఏదైనా సరే లూప్ ఖాళీ చేసి బ్లాకు విప్పి చూడాల్సిందే. రాగి కాస్త నల్లబడటం మామూలే. కూలెంట్‌ను కంపెనీ చెప్పిన గడువులో, సాధారణంగా ఏడాదికోసారి మార్చాలి.

భేస్తాన్ లాంటి చోట ఇంకో పని అదనం. నూగు రేడియేటర్ రెక్కల్లో చేరి దుప్పటిలా కప్పేస్తుంది. నీళ్లు ఎంత బాగా తిరిగినా అప్పుడు వేడి బయటకు పోదు. గాలి లోపలికి వచ్చే వైపు జాలీ పెట్టి రెండు వారాలకోసారి దులపాలి. రెక్కలు మరీ దగ్గరగా ఉన్న రేడియేటర్ కన్నా కాస్త ఎడంగా ఉన్నదే ఇక్కడ నయం, శుభ్రం చేయడం తేలిక.

కొనేముందు ఒకసారి

రేడియేటర్ వివరాల్లో రాగి లేదా ఇత్తడి అని స్పష్టంగా ఉందా?

బ్లాకు అడుగు పలక రాగిదేనా? నికెల్ పూత ఉంటే శుభ్రం చేయడానికి పులుపు వాడకూడదని గుర్తుందా?

ఫిట్టింగులు, బిరడాలు, సెన్సర్లు అన్నీ ఇత్తడివేనా? మర జీ 1/4 సమాంతర రకమేనా?

నీళ్లు తగిలే చోట అల్యూమినియం, జింకు మిశ్రమం ఎక్కడైనా ఉన్నాయా?

కూలెంట్ మీద రాగి, ఇత్తడి, నికెల్‌కు సరిపోతుందని రాసి ఉందా?

వీటిలో ఏ ఒక్కదానికి జవాబు తెలియకపోయినా ఆ భాగం కొనకుండా ఆగడమే మంచిది. బడ్జెట్ చాలకపోతే అల్యూమినియం రేడియేటర్‌తో సర్దుకోవడం కన్నా, ముందుగా ప్రాసెసర్‌కు మాత్రమే చిన్న రాగి లూప్ కట్టుకుని గ్రాఫిక్స్ కార్డును తర్వాత చేర్చుకోవచ్చు. అంత ఓపిక, నిర్వహణకు సమయం లేవనుకుంటే మంచి ఎయిర్ కూలర్ లేదా మూసి ఉన్న ఏఐఓ కూలర్ సరిపోతుంది.